ఉన్న సేవ, అందే సేవ: జిమల్‌గట్ట దారిలో కొన్ని వివరాలు

ఈ పుస్తికలోని తెలుగు పుటలు చదివే కుటుంబాలలో చాలావాటికి రెండు చిరునామాలు ఉంటాయి. మొదటిది ఈ నగరంలోని అద్దె ఇల్లు. రెండవది తల్లిదండ్రులు, తాతమ్మలు ఇంకా నివసిస్తున్న సొంత ఊరు. నగర సేవలను గురించి ఈ పుస్తికలో ఇతర వ్యాసాలు ఉన్నాయి. ఈ వ్యాసం రెండవ చిరునామాను గురించినది. ఊళ్లో ఉన్న వృద్ధులకు, దివ్యాంగులకు, బాలింతలకు ప్రభుత్వ సేవలు ఎక్కడ దొరుకుతాయి, దొరికేచోటికి చేరడంలో ఉన్న అడ్డంకులు ఏమిటి, నగరంలో ఉన్న మీరు ఇక్కడి నుంచి ఏమి చేయవచ్చు అన్నవే ఇందులోని విషయాలు.

ఉదాహరణకు గడ్చిరోలి జిల్లాలోని జిమల్‌గట్టను తీసుకున్నాము. సిరోంచ, అహేరి ప్రాంతాల నుంచి నగరాలకు వలస వచ్చిన తెలుగువారికి ఇది తెలిసిన ఊరే. తెలియనివారికి కూడా ఇక్కడి పరిస్థితి తమ ఊరి పరిస్థితిని గుర్తుకు తెస్తుంది.

ఊరు, దారి, భాష

జిమల్‌గట్ట అహేరి తాలూకాలోనిది. ఆలాపల్లి నుంచి సిరోంచకు పోయే అడవి దారి దీనికి ఆధారం. ఆ దారి పొడవునా రేపనపల్లి, ఉమనూరు వంటి పేర్లు వినబడుతుంటే తెలుగు చెవికి పరాయితనం తోచదు. ‘జిమల్‌గట్ట’లోని చివరి మాట కూడా మన ‘గట్టు’ను తలపిస్తుంది.

ఈ దగ్గరితనానికి చరిత్ర కారణం. గోదావరి, ప్రాణహిత నదుల ఎడమ ఒడ్డున ఉన్న సిరోంచ సీమ 1860 వరకు నిజాం పాలనలో ఉండేది. ఆ ఏట బ్రిటిష్ వారి చేతికి వచ్చిన తరువాత సిరోంచ కేంద్రంగా ఎగువ గోదావరి జిల్లా నడిచింది. 1874లో సిరోంచ ప్రాంతాన్ని చాందా జిల్లాలో కలిపారు. 1982 ఆగస్టు 26న చంద్రపూర్ జిల్లాను విభజించి గడ్చిరోలి జిల్లాను ఏర్పాటు చేశారు. పాలకులు మారినా ఇళ్లలోని భాష మారలేదు. నేటికీ ఈ ప్రాంతంలో అనేక ఇళ్లలో తెలుగు, అడవి పల్లెలలో మాడియా, గోండి, కార్యాలయాలలో మరాఠీ వాడుకలో ఉన్నాయి. వృద్ధురాలైన ఒక తల్లి పింఛను కోసం బయలుదేరితే దూరాన్నీ భాషనూ రెండింటినీ దాటవలసి ఉంటుంది.

ఏ సేవ ఎక్కడ ఉంది

జిమల్‌గట్టలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంది. చుట్టుపక్కల పల్లెలకు మొదటి వైద్యం అక్కడే. అంతకు మించిన వైద్యం కావలసి వస్తే ఒక దిక్కున అహేరిలోని ఉపజిల్లా ఆసుపత్రికి, మరొక దిక్కున సిరోంచలోని గ్రామీణ ఆసుపత్రికి వెళ్లాలి. ప్రత్యేక నిపుణులు, వైకల్య నిర్ధారణ మండలి జిల్లా ఆసుపత్రిలో, అనగా గడ్చిరోలి పట్టణంలో ఉంటారు. జిమల్‌గట్ట నుంచి అది నూరు కిలోమీటర్లకు మించిన దూరం.

రెవెన్యూ పనులకు తాలూకా కేంద్రమైన అహేరిలో తహసీల్ కార్యాలయం ఉంది. గిరిజన కుటుంబాల పథకాలను చూసే సమగ్ర ఆదివాసీ అభివృద్ధి ప్రకల్ప కార్యాలయం కూడా అహేరిలోనే ఉంది. ఊరి స్థాయిలో భూమి, ఆదాయం లెక్కలు చూసే ఉద్యోగిని అక్కడ తలాఠీ అంటారు. పంచాయతీ పనులు చూసే ఉద్యోగిని వాడుకలో గ్రామసేవకుడు అంటారు. వీరుగాక ప్రతి పల్లెకూ ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ సేవిక ఉంటారు.

కాగితం మీద చూస్తే ఇది పూర్తి వ్యవస్థ. అయితే సేవ ఉండటం వేరు, అది మనిషికి అందటం వేరు. వీటి మధ్య ఎంత దూరం ఉండగలదో 2024వ సంవత్సరంలో ఇదే ప్రాంతంలో జరిగిన రెండు సంఘటనలు చెబుతాయి.

ఒకే ఏట రెండు ప్రయాణాలు

మొదటిది 2024 ఏప్రిల్ నాటి లోక్‌సభ ఎన్నికల సమయంలో జరిగింది. 85 ఏళ్లు దాటినవారు, 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం ఉన్నవారు ఇంటివద్దనే ఓటు వేసే వీలును ఎన్నికల సంఘం కల్పించింది. సిరోంచలోని ఇద్దరు వృద్ధుల ఓటు కోసం ఎన్నికల సిబ్బంది అహేరి నుంచి 107 కిలోమీటర్లు ప్రయాణం చేశారు. ఆ ఇద్దరిలో ఒకరికి నూరేళ్లు. మంచం పక్కకే ఓటు పెట్టె వచ్చింది.

రెండవది అదే ఏడు సెప్టెంబరులో జరిగింది. జ్వరం సోకిన ఇద్దరు చిన్న పిల్లలను తల్లిదండ్రులు మొదట ఊరి నాటు వైద్యం చేసేవారి వద్దకు, పరిస్థితి విషమించిన తరువాత జిమల్‌గట్ట ఆరోగ్య కేంద్రానికి తీసుకువచ్చారు. అప్పటికే ఆలస్యమైపోయింది. ఆ సమయానికి అక్కడ అంబులెన్సు లేదు. మరొక చోటి నుంచి వాహనాన్ని పిలిపించే ప్రయత్నం జరిగింది. తల్లిదండ్రులు వేచి ఉండలేదు. చెరొక బిడ్డ దేహాన్ని భుజాన వేసుకొని బురద దారిలో, వాగు దాటి, సుమారు పదిహేను కిలోమీటర్లు నడిచి ఊరు చేరారు. ఆ వార్త దేశమంతటా వ్యాపించింది.

ఎవరినో నిందించడానికి ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టడం లేదు. వీటి నుంచి నేర్చుకోవలసినది ఒకటి ఉంది. 107 కిలోమీటర్ల దారి ఉన్నా సేవ ఇంటికి చేరగలిగింది, ఎందుకంటే పేరు ముందే జాబితాలో ఉంది, దరఖాస్తు ముందే అందింది, ఎవరు ఎప్పుడు వెళ్లాలో ముందే నిర్ణయమైంది. జ్వరానికి అటువంటి జాబితా ఉండదు. కనుక ఆపద వచ్చిన గంటలో ఏమి చేయాలో ఇంట్లోవారికి ముందే తెలిసి ఉండాలి. మిగతా సేవలకు పేరు ముందుగానే నమోదై ఉండాలి. ఈ రెండు పనులలోనూ నగరంలో ఉన్న బంధువు తోడ్పడగలరు.

ఇంటి గడపకు వచ్చే వైద్యం

సేవ మనిషి వద్దకు నడిచి రావాలన్న ఆలోచన గడ్చిరోలికి కొత్తది కాదు. వైద్య దంపతులు అభయ్ బంగ్, రాణీ బంగ్ 1986లో ఈ జిల్లాలో ‘సెర్చ్’ అనే సంస్థను నెలకొల్పారు. ఆసుపత్రికి చేరలేని పసికందుల కోసం వారు 39 గ్రామాలలో స్థానిక మహిళలకు శిక్షణ ఇచ్చారు. బిడ్డ ఊపిరిని లెక్కించడం, బరువు తూచడం, ఒంటిని వెచ్చగా ఉంచడం, చీము పట్టే జబ్బును తొలి దశలో గుర్తించి మందు ఇవ్వడం ఆ మహిళలు నేర్చుకున్నారు. మూడేళ్లలో ఆ గ్రామాలలో నవజాత శిశు మరణాలు, పోల్చి చూసిన గ్రామాలకంటే సగానికి మించి తగ్గాయి. ఈ ఫలితాలు 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో వెలువడ్డాయి. 2011లో ఈ పద్ధతి ఆశా కార్యకర్తల విధులలో భాగంగా దేశమంతటికీ విస్తరించింది.

అందువల్ల నేడు బాలింత ఇంటికి ఆశా కార్యకర్త రావడం దయ కాదు, ఆమె విధి. ప్రసవం ఆసుపత్రిలో జరిగితే 42 రోజులలో ఆరుసార్లు, ఇంటివద్ద జరిగితే ఏడుసార్లు ఆమె వచ్చి తల్లీబిడ్డలను చూడాలి. ఊళ్లో మీ చెల్లెలో, కోడలో ప్రసవించి ఉంటే ఫోనులో యోగక్షేమాలతోపాటు “ఆశా తాయి వచ్చిందా, బిడ్డను తూచిందా” అని కూడా అడగండి. ఆ ఒక్క ప్రశ్న ఇంట్లోవారిని జాగ్రత్తపరుస్తుంది.

ఆపద వేళ గుర్తుంచుకోవలసినవి

అత్యవసర వైద్య వాహనానికి 108, గర్భిణులు, బాలింతలు, పసిపిల్లల రాకపోకలకు 102, ఏ ఆపదలోనైనా 112. సరిహద్దు పల్లెల నుంచి ఫోను చేసేవారు మొట్టమొదట “మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా, అహేరి తాలూకా” అని చెప్పి, తరువాత ఊరి పేరు, సమీపంలోని ఆరోగ్య కేంద్రం పేరు చెప్పడం మంచిది. ఒకే రకమైన ఊరి పేర్లు నదికి రెండు ఒడ్డులా ఉన్నాయి. ఆందోళనలో ఉన్నవారు వీటిని మరచిపోతారు గనుక ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి తలుపు వెనుక అతికించమని చెప్పండి. ఆ ఊరి ఆశా కార్యకర్త ఫోను నంబరు, వాహనం ఉన్న ఇరుగుపొరుగువారి నంబరు కూడా అదే అట్టముక్క మీద ఉండాలి. వాగు పొంగే నెలలు రాకముందే, నెలలు నిండిన గర్భిణిని ఆసుపత్రికి దగ్గరగా ఉన్న బంధువుల ఇంటికి చేర్చడం ప్రాణాలను కాపాడే నిర్ణయం.

సిరోంచ ప్రాంతంవారు గోదావరి వంతెన దాటి తెలంగాణ ఆసుపత్రులకు వెళ్లడం పరిపాటి. రాష్ట్ర ప్రభుత్వాల ఆరోగ్య పథకాలు సాధారణంగా తమ రాష్ట్రవాసులకే పరిమితం. ఆయుష్మాన్ భారత్ కార్డు మాత్రం పథకంలో చేరిన ఆసుపత్రి ఏ రాష్ట్రంలో ఉన్నా చెల్లుతుంది. 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్లు నిండినవారందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఈ పథకంలో ఏటా 5 లక్షల రూపాయల వరకు వైద్యం లభిస్తుంది. ఆధార్ కార్డు ఆధారంగా పేరు నమోదు చేస్తారు. పెద్దలు మిమ్మల్ని చూడటానికి నగరానికి వచ్చినప్పుడు ఈ పనిని ఇక్కడే పూర్తిచేయవచ్చు.

దరఖాస్తులో దారి తప్పించే మాటలు

మరాఠీ, తెలుగు దరఖాస్తులను అనువదించడం నా ఉద్యోగం. ఈ పనిలో నేను గమనించినది ఒకటుంది. పూర్తిగా తెలియని మాట మనను అంతగా మోసగించదు, తెలియకపోతే పక్కవారిని అడుగుతాము. మన మాటలాగే ఉండి అర్థం వేరైన మాట మాత్రం అడగనివ్వదు. ఊళ్లోని పెద్దలకు ఎవరైనా దరఖాస్తును పైకి చదివి వినిపించినప్పుడు ఈ చిక్కు వస్తుంది. ముఖ్యమైన మాటలు ఇవి:

– ‘పత్తా’ అంటే చిరునామా. మన ‘పట్టా’ కాదు. ఇక్కడ భూమి వివరాలు రాయకూడదు.

– ‘వ్యవసాయ్’ అంటే వృత్తి. మన ‘వ్యవసాయం’ కాదు. మరాఠీలో సాగుకు ‘శేతీ’ అనే మాట ఉంది. కూలి పనివారు ఇక్కడ కూలి అనే రాయాలి. “ఉంది, రెండెకరాలు” అని రాస్తే దరఖాస్తుదారు రైతు అన్న అర్థం వచ్చి, పేదరికపు పథకంలో ప్రశ్నలు తలెత్తుతాయి.

– ‘శిక్షణ్’ అంటే చదువు. మనం అనుకునే తర్ఫీదు కాదు.

– ‘దాఖలా’ అంటే ధ్రువపత్రం. ‘ఉత్పన్నాచా దాఖలా’ ఆదాయ ధ్రువపత్రం, ‘వయాచా దాఖలా’ వయస్సు ధ్రువపత్రం.

– ‘హయాతీచా దాఖలా’ అంటే మనిషి జీవించి ఉన్నట్టు తెలిపే ధ్రువపత్రం. పింఛనుదారులు దీనిని ఏటా ఇవ్వాలి. ఇవ్వకపోతే పింఛను నిలిచిపోతుంది.

– ‘శిధాపత్రిక’ అంటే రేషన్ కార్డు.

– ‘రుగ్ణవాహికా’ అంటే అంబులెన్సు.

– ‘నిరాధార్’ అంటే దిక్కులేనివారు. తెలుగులో ‘నిరాధారం’ అంటే రుజువు లేనిది. “నిరాధార్ దరఖాస్తు” అన్న మాట విని, తన దరఖాస్తును అబద్ధమని తోసిపుచ్చారేమోనని పెద్దలు అపోహపడే ప్రమాదం ఉంది.

భాష రాకపోవడం వల్ల హక్కు పోదని కూడా తెలుసుకోవాలి. దేశంలో లేదా రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా తన ఫిర్యాదును అధికారికి విన్నవించుకునే హక్కును రాజ్యాంగంలోని 350వ అధికరణం ప్రతి వ్యక్తికీ ఇచ్చింది. నిర్ణీత నమూనా మరాఠీలో నింపవలసి ఉన్నా, తన కష్టాన్ని తెలుగులో రాసి ఇవ్వడానికి అడ్డులేదు.

పింఛను, వైకల్య ధ్రువపత్రం, బస్సు

వృద్ధులకు, నిరాధారులకు మహారాష్ట్రలో రెండు ముఖ్య పథకాలు ఉన్నాయి. 65 ఏళ్లు నిండిన పేదలకు శ్రావణబాళ సేవా రాజ్య పింఛను పథకం. ఆ వయస్సులోపు ఉన్న వితంతువులకు, దివ్యాంగులకు, దీర్ఘవ్యాధిగ్రస్తులకు సంజయ్ గాంధీ నిరాధార అనుదాన పథకం. నెలసరి మొత్తాన్ని 2023లో 1,000 రూపాయల నుంచి 1,500 రూపాయలకు పెంచారు. తరువాతి మార్పులను, ఆదాయ పరిమితిని తహసీల్ కార్యాలయంలో తెలుసుకోవాలి. వయస్సు, ఆదాయం, నివాసం తెలిపే పత్రాలు, రేషన్ కార్డు, ఆధార్‌తో అనుసంధానమైన బ్యాంకు ఖాతా అవసరం.

వైకల్య ధ్రువపత్రానికి మూలం 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం. ఇది 21 రకాల వైకల్యాలను గుర్తిస్తుంది. చాలా ప్రయోజనాలకు 40 శాతం వైకల్యం ఉండాలి. దరఖాస్తు స్వావలంబన్ పోర్టల్‌లో చేయాలి. నగరవాసులకు ఉపయోగపడే నియమం ఒకటి ఇందులో ఉంది. దరఖాస్తును సొంత జిల్లాలోనే కాక, ఆ వైకల్యానికి చికిత్స పొందుతున్న ప్రభుత్వ ఆసుపత్రిలో కూడా ఇవ్వవచ్చు. మీ తల్లిగారు మీ ఇంట ఉండి ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో కాలికో, కంటికో చికిత్స పొందుతుంటే గడ్చిరోలి వరకు ఆమెను తిప్పవలసిన అవసరం లేదు. ఒకచోట ఇచ్చిన ధ్రువపత్రం దేశమంతటా చెల్లుతుంది.

రాష్ట్ర రవాణా సంస్థ బస్సులలో 75 ఏళ్లు దాటినవారికి 2022 ఆగస్టు నుంచి ప్రయాణం ఉచితం. 65 నుంచి 75 ఏళ్లవారికి సగం చార్జీ. 2023 మార్చి నుంచి మహిళలందరికీ సగం చార్జీ. అయితే టికెట్టు ఉచితమైనంత మాత్రాన మోకాలి నొప్పి ఉన్న ముసలితల్లి ఎత్తైన మెట్టు ఎక్కలేదు. బస్సు ఆగేచోటికి పల్లె నుంచి నడవవలసిన దూరం తగ్గదు. అందుబాటు అనే మాటకు చట్టం ఇచ్చిన అర్థం విశాలమైనది. వాలుదారి, పట్టుకొనే కడ్డీ, చదవగల బోర్డు, కూర్చునే చోటు, అర్థమయ్యే భాష, ఇవన్నీ అందులోకి వస్తాయి. ఊరి కార్యాలయానికో, ఆరోగ్య కేంద్రానికో ఇవి లేకపోతే గ్రామసభలో అడిగి, తీర్మానంలో రాయించండి. గడ్చిరోలిలోని షెడ్యూల్డు ప్రాంత గ్రామాలలో 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు ప్రత్యేక అధికారాలు ఇచ్చింది. నోటిమాటగా మిగిలిన కోరికకంటే తీర్మానంగా నమోదైన కోరికకు విలువ ఎక్కువ.

నగరం నుంచి మీరు చేయగలిగినవి

ఒకటి. ఆదాయ, నివాస ధ్రువపత్రాల వంటివాటికి ‘ఆపలే సర్కార్’ పోర్టల్‌లో ఇక్కడి నుంచే దరఖాస్తు చేయవచ్చు. పెద్దల ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం మొదటి పుటల ఫోటోలను మీ ఫోనులో ఉంచుకోండి. పేరు అన్నింటిలో ఒకే విధంగా ఉన్నదో లేదో చూడండి. తెలుగు ఇంటిపేరు మరాఠీ లిపిలో ఒక్కొక్క కార్డులో ఒక్కొక్క తీరుగా ఉంటే పింఛను నిలిచిపోవచ్చు.

రెండు. దరఖాస్తు ఇచ్చిన ప్రతిసారీ రసీదు, నంబరు తీసుకోండి. 2015 నాటి మహారాష్ట్ర ప్రజాసేవల హక్కు చట్టం ప్రకారం, నోటిఫై చేసిన ప్రతి సేవకూ గడువు ఉంది. గడువు దాటినా, కారణం లేకుండా తిరస్కరించినా 30 రోజులలో మొదటి అప్పీలు చేయవచ్చు. తప్పు రుజువైన అధికారికి 500 నుంచి 5,000 రూపాయల వరకు జరిమానా ఉంది. రసీదు లేకపోతే ఈ హక్కును వినియోగించుకునే దారి మూసుకుపోతుంది.

మూడు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు విధానంలో, ఊరి కార్డులో పేరున్న మీరు మీ వాటా ధాన్యాన్ని ఈ నగరంలోనే తీసుకొని, మిగిలిన వాటాను ఊళ్లో పెద్దలకు వదలవచ్చు. ఇందుకు కార్డు మార్చుకోవలసిన పని లేదు.

నాలుగు. ‘హయాతీచా దాఖలా’ ఇవ్వవలసిన తేదీని మీ ఫోనులో గుర్తు పెట్టుకోండి. పెద్దలకు వారం ముందే చెప్పండి.

ఐదు. వృద్ధులకు సంబంధించిన సందేహాలకు 14567, మనోవేదనలో ఉన్నవారికి 14416 ఉచిత సహాయ నంబర్లు. రెండవదానిలో తెలుగులో మాట్లాడవచ్చు.

పింఛను పథకానికి ‘శ్రావణబాళ’ అన్న పేరు ఊరకే పెట్టలేదు. గుడ్డివారైన తల్లిదండ్రులను కావడిలో మోసిన శ్రవణకుమారుడి కథ తెలుగువారికీ మరాఠీవారికీ ఒకటే. మనం రోజూ ఊళ్లో ఉండి పెద్దలను మోయలేము. ఒక దరఖాస్తును సరిగా నింపడం, ఒక రసీదును భద్రపరచడం, ఒక తేదీని గుర్తుచేయడం మాత్రం ఇక్కడి నుంచి చేయగలము. ఈ ఆదివారం ఊరికి ఫోను చేసినప్పుడు, తలుపు వెనుక ఆ అట్టముక్క అతికించారో లేదో అడగండి.